రెండు డిస్కులున్నా సర్వర్ లేవకపోతే: లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో బూట్ లోడర్ తప్పులు సరిచేసే పద్ధతి

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒక ఆఫీసు నుంచి పొద్దున్న ఆరున్నరకి ఫోన్ వచ్చింది. మాట్లాడింది అక్కడ లెక్కలు చూసే పెద్దాయన. "బాబూ, రాత్రి కరెంటు పోయి వచ్చింది. సర్వర్ లెగట్లేదు. నల్ల తెర మీద గ్రబ్ రెస్క్యూ అని ఏటో వస్తంది. రెండు డిస్కులున్నాయి, ఒకటి పోయినా రెండోది పనిచేస్తాదన్నారు కదా బాబూ, మరిదేటి?"

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. రెయిడ్ 1 అంటే ఒకే డేటాని రెండు డిస్కుల మీదా రాసే పద్ధతి. అది కాపాడేది పార్టిషన్ల (డిస్కుని విడగొట్టిన భాగాల) లోపలున్న డేటాని. మెషీన్‌ని లేపే బూట్ లోడర్ (ఇక్కడ దాని పేరు గ్రబ్) మొదటి భాగం ఆ పార్టిషన్ల బయట ఉంటుంది, దాన్ని రెయిడ్ రెండో డిస్కుకి కాపీ చెయ్యదు. ఎవరో ఒకరు చేత్తో పెట్టాలి. పెట్టకపోతే డేటా రెండు చోట్లా భద్రంగా ఉండి, దాన్ని లేపే దారి మాత్రం ఒక డిస్కు మీదే ఉంటుంది.

నేను శ్రీకాకుళంలో ఉంటూ పలాస, నరసన్నపేట, రాజాం, చీపురుపల్లి వైపు చిన్న ఆఫీసుల సర్వర్లు చూస్తుంటాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు కదా, వచ్చిన వారంలో ఈ రకం ఫోన్లు నాకు వరసపెట్టి వచ్చాయి. చూస్తే చాలా వాటిలో డిస్కులు బాగున్నాయి, డేటా బాగుంది. నెలల తరబడి రీస్టార్ట్ లేకుండా నడిచిన మెషీన్లవి. మధ్యలో ఎప్పుడో డిస్కు మార్చారు, లేదా అప్‌డేట్ వచ్చింది, తప్పు అప్పుడే జరిగిపోయింది, కరెంటు పోయి వచ్చిన రోజున బయటపడింది. అందుకే ఆ రోజు పాడైందనుకుని ఆ రోజు జరిగినవాటిలోనే కారణం వెతికితే దొరకదు.

కింది కమాండ్లు ఫోన్లో చెప్పినట్టే తెలుగు అక్షరాల్లో రాశాను. కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి, గీతలూ చుక్కలూ ఖాళీలూ ఉన్నవి ఉన్నట్టే. పెద్ద అక్షరం కావాల్సిన చోట చెప్తాను. ఎండీఏడీఎం అంటే ఆ అయిదు అక్షరాలూ కలిపి ఒకే మాట, లైనక్స్‌లో రెయిడ్‌ని నడిపే కమాండ్ అది. ఎంఎన్‌టీ, ఎస్‌డీఏ కూడా అంతే.

ముందు చెయ్యకూడనివి

తెర మీద ఏముందో ఫోన్‌తో ఫోటో తియ్యండి. మొత్తం కనపడేలా, పై వరస నుంచి. ఫోన్లో చదివి చెప్పేటప్పుడు అసలైన మాటే తప్పిపోతుంది, నాకు చాలాసార్లు అలా జరిగింది.

తర్వాత, ఎండీఏడీఎంలో --క్రియేట్ అనేదాని జోలికి వెళ్లకండి. ఎక్కడో చదివి "అర్రేని మళ్లీ సృష్టిస్తే సరిపోతుంది" అనుకుని కొట్టేవాళ్లున్నారు (అర్రే అంటే రెయిడ్‌లో కలిపిన డిస్కుల జత). మెటాడేటా (అర్రే తన గురించి డిస్కు మీద రాసుకునే వివరాలు) వెర్షన్ గానీ, డేటా మొదలయ్యే చోటు గానీ, డిస్కుల వరస గానీ పాతదానితో సరిపోలకపోతే బతికున్న డేటా మీద మన చేత్తో మనమే మట్టి పోసినట్టు. బూట్ లోడర్ తప్పు సరిచెయ్యడానికి ఆ కమాండ్ ఎప్పుడూ అక్కర్లేదు. --జీరో-సూపర్‌బ్లాక్ కూడా అంతే, ఆ వివరాలుండే సూపర్‌బ్లాక్‌ని అది చెరిపేస్తుంది.

బయాస్‌లోకి (మెషీన్ ఆన్ చెయ్యగానే మొదట నడిచే ప్రోగ్రాంలోకి) వెళ్లి రెండు డిస్కులూ కనిపిస్తున్నాయో లేదో చూడండి. ఒకటి కనపడకపోతే మెషీన్ ఆపి, ప్లగ్ తీసి, సాటా కేబుల్ రెండు వైపులా తీసి పెట్టండి. మన తీరప్రాంతపు ఉప్పుగాలికి, తేమకి కేబుల్ కాంటాక్టులు పాడవడం నేను చాలా చూశాను. స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్కల్లో) యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క పెరుగుతోందంటే అనుమానించాల్సింది ముందు కేబుల్‌నే. పెండింగ్ సెక్టార్లు, రీఅలొకేటెడ్ సెక్టార్లు పెరుగుతుంటే అది డిస్కు జబ్బు.

ఎక్కడ ఆగిందో తెర చెప్తుంది

పాత బయాస్ పద్ధతిలో మెషీన్ లేచే వరస ఇది. బయాస్ డిస్కు మొదటి సెక్టార్ చదువుతుంది. అది 512 బైట్లు, అందులో బూట్ కోడ్‌కి ఉన్న చోటు 446 బైట్లే. అంత చిన్న చోట రెయిడ్ గురించి తెలిసిన ప్రోగ్రాం పట్టదు కాబట్టి అది పక్కనే ఉన్న కోర్ ఇమేజ్‌ని పిలుస్తుంది. ఈ కోర్ ఇమేజ్ మొదటి పార్టిషన్ మొదలయ్యేలోపు ఉన్న ఖాళీలో ఉంటుంది. డిస్కు జీపీటీ (కొత్త రకం పార్టిషన్ పట్టిక) అయితే దాని కోసం బయాస్ బూట్ పార్టిషన్ అని 1 ఎంబీ చిన్న పార్టిషన్ విడిగా ఉంటుంది. కోర్ ఇమేజ్‌లో రెయిడ్ చదివే మాడ్యూల్ ఉంటే అది అర్రేలోపలి /బూట్/గ్రబ్ ఫోల్డర్ తెరిచి, మిగతా మాడ్యూళ్లూ మెనూ తెచ్చుకుంటుంది. అక్కడి నుంచి కెర్నల్ (లైనక్స్ గుండెకాయ), ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (కెర్నల్‌తోపాటు మెమరీలోకి వచ్చే చిన్న తాత్కాలిక సిస్టమ్). ఆ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అర్రేని మళ్లీ తనంతట తాను కూర్చి రూట్‌ని (సిస్టమ్ ఫైళ్లుండే అసలు చోటుని) మౌంట్ చేస్తుంది, అంటే వాడకానికి తెరుస్తుంది. అంటే రెయిడ్‌ని రెండుసార్లు, ఇద్దరు వేరువేరుగా గుర్తుపట్టాలి: గ్రబ్ ఒకసారి, లైనక్స్ ఒకసారి. ఇది మనసులో పెట్టుకుంటే సగం పని అయినట్టే.

"బూట్ అయ్యే డివైస్ లేదు" అన్న అర్థంలో వస్తే బయాస్ ఎంచుకున్న డిస్కు మీద బూట్ లోడరే లేదు. వెంటనే బూట్ మెనూ తెరిచి (ఎఫ్11, ఎఫ్12, ఎఫ్8, బోర్డును బట్టి) రెండో డిస్కుని ఎంచుకోండి. చాలాసార్లు మెషీన్ అక్కడికే లేచిపోతుంది. లేచింది కదా అని వదిలెయ్యకండి, లేచాక కింద చెప్పిన గ్రబ్ ఇన్‌స్టాల్ రెండు డిస్కుల మీదా చెయ్యాలి.

గ్రబ్ రెస్క్యూ అని వస్తే కోర్ ఇమేజ్ దాకా వచ్చింది, /బూట్/గ్రబ్ దొరకలేదు. దాని పైనున్న వరస ముఖ్యం. "నో సచ్ డివైస్" అని ఒక పొడుగాటి యూయూఐడీ (గుర్తింపు నంబరు) వస్తే ఆ కోర్ ఇమేజ్ వెతుకుతున్న ఫైల్‌సిస్టమ్ ఇప్పుడు లేదు. ఎక్కడో వాడిన పాత డిస్కుని తెచ్చి అర్రేలో కలిపితే, దాని మొదటి సెక్టార్లో పాత జన్మ తాలూకు గ్రబ్ అలాగే ఉండిపోతుంది, బయాస్ దాన్నే ముందు పిలుస్తుంది, అది ఎప్పుడో చెరిపేసిన పార్టిషన్‌ని వెతుక్కుంటుంది. "ఎండీయూయూఐడీ" అని మొదలయ్యే డిస్కు దొరకలేదంటే గ్రబ్ వెతికే అర్రే గుర్తింపుకీ ఇప్పుడున్నదానికీ పొత్తు కుదరలేదు, లేదా అర్రే ఉన్న డిస్కే బయాస్‌కి కనపడలేదు. "డిస్కు అవతల చదవబోయాను" అన్న అర్థంలో "అవుట్‌సైడ్ ఆఫ్ డిస్క్" అని వస్తే పాత బయాస్ 2 టీబీ హద్దు దాటి చదవలేకపోతోంది. కొత్త కెర్నల్ ఫైళ్లు ఆ హద్దు అవతల పడిన రోజున హఠాత్తుగా వస్తుంది ఇది. డిస్కు మొదట్లో 1 జీబీ /బూట్ అర్రే విడిగా పెట్టుకోవడమే దానికి మందు.

"సింబల్ నాట్ ఫౌండ్" అని వస్తే, ఉదాహరణకి గ్రబ్_క్యాలాక్ దొరకలేదని, కోర్ ఇమేజ్ పాతది, /బూట్/గ్రబ్‌లో మాడ్యూళ్లు కొత్తవి. 2020 జూలైలో బూట్‌హోల్ అనే భద్రతా లోపానికి గ్రబ్ అప్‌డేట్లు వచ్చినప్పుడు లోకమంతా ఈ తప్పు చూసింది. డెబియన్, ఉబుంటులలో గ్రబ్ ప్యాకేజీ తాను ఏ డిస్కు మీద ఇన్‌స్టాల్ అవ్వాలో ఒక జాబితా గుర్తుపెట్టుకుంటుంది, అందులో డిస్కు పేరు సీరియల్ నంబరుతో సహా ఉంటుంది. మీరు డిస్కు మార్చాక ఆ జాబితా మార్చకపోతే, అప్‌డేట్ వచ్చినప్పుడు మాడ్యూళ్లు అర్రేలోకి కొత్తవి వెళ్తాయి, కోర్ ఇమేజ్ మాత్రం జాబితాలో లేని డిస్కు మీద పాతదే మిగులుతుంది. పలాస ఆఫీసులో జరిగింది సరిగ్గా ఇదే.

బ్రాకెట్లో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని ప్రాంప్ట్ వస్తే సంతోషించండి, గ్రబ్ బాగుంది, లైనక్స్‌కే అర్రే దొరకలేదు. దాని సంగతి విడిగా చెప్తాను. "డిస్క్‌ఫిల్టర్ రైట్స్ ఆర్ నాట్ సపోర్టెడ్, ఏదైనా కీ నొక్కండి" అన్నది మాత్రం ప్రమాదం కాదు. గ్రబ్ తన చిన్న గుర్తు ఒకటి రెయిడ్ మీద రాయబోయి రాయలేకపోయింది, అంతే. కీ నొక్కితే ముందుకెళ్తుంది. దాన్ని చూసి టెన్షన్ పడి డిస్కు మార్చినవాళ్లని చూశాను.

గ్రబ్ రెస్క్యూ నుంచి ఒక్కసారికి లేపడం

రెస్క్యూలో పనిచేసేవి నాలుగే: ఎల్ఎస్, సెట్, అన్‌సెట్, ఇన్స్‌మాడ్. ముందు

ఎల్ఎస్

కొట్టండి. (హెచ్‌డీ0), (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్1), (హెచ్‌డీ1)లాంటివి వస్తాయి. వాటితోపాటు (ఎండీ/0) లాంటిది కనిపిస్తే గ్రబ్‌కి అర్రే కనిపిస్తోందన్నమాట. ఇప్పుడు

ఎల్ఎస్ (ఎండీ/0)/

చివర గీత మర్చిపోవద్దు, అది ఉంటేనే లోపలున్న ఫోల్డర్లు చూపిస్తుంది. అక్కడ గ్రబ్ అనే ఫోల్డర్ కనిపిస్తే /బూట్ విడి అర్రే. బూట్, ఈటీసీ, హోమ్ లాంటివి కనిపిస్తే అది రూట్ అర్రే, గ్రబ్ దాని లోపల బూట్‌లో ఉంటుంది. మొదటి రకమైతే:

సెట్ ప్రిఫిక్స్=(ఎండీ/0)/గ్రబ్
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

రెండో రకమైతే మొదటి వరసలో /బూట్/గ్రబ్ అని పెట్టండి. మెనూ వచ్చేస్తుంది. లేచాక గ్రబ్‌ని రెండు డిస్కుల మీదా ఇన్‌స్టాల్ చెయ్యండి, ఎందుకంటే రెస్క్యూలో చేసినది ఈ ఒక్క బూట్‌కే.

ఎల్ఎస్‌లో ఎండీ ఏదీ రాకపోతే ఆ కోర్ ఇమేజ్‌లో రెయిడ్ మాడ్యూల్ లేదు. అర్రే మెటాడేటా 0.90 లేక 1.0 అయితే ఇంకా ఆశ ఉంది, ఆ రెండూ సూపర్‌బ్లాక్‌ని పార్టిషన్ చివర పెడతాయి కాబట్టి రెయిడ్ 1లో ఒక్కో పార్టిషన్ మామూలు ఫైల్‌సిస్టమ్‌లాగే చదవడానికి వస్తుంది, (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్1) అని నేరుగా ప్రిఫిక్స్ ఇవ్వొచ్చు. కానీ ఇప్పుడు ఎండీఏడీఎం మామూలుగా చేసే 1.2 రకం సూపర్‌బ్లాక్‌ని పార్టిషన్ మొదటి నుంచి 4 కేబీ దగ్గర పెడుతుంది, డేటా ఇంకా లోపలికి జరిగిపోతుంది, అందుకని మాడ్యూల్ లేకుండా చదవలేదు. సింబల్ తప్పు వచ్చిన చోట కూడా ఇన్స్‌మాడ్ నార్మల్ మళ్లీ అదే తప్పు ఇస్తుంది. ఈ రెండు చోట్లా ముందు బూట్ మెనూ నుంచి రెండో డిస్కు ప్రయత్నించండి, కాకపోతే పెన్‌డ్రైవ్.

పెన్‌డ్రైవ్ నుంచి సరిచెయ్యడం

ఇదే అసలు మరమ్మతు, నిదానంగా చెయ్యండి. సిస్టమ్‌రెస్క్యూ అనే లైవ్ లైనక్స్ మంచిది, ఎండీఏడీఎం అందులోనే ఉంటుంది. ఉబుంటు డెస్క్‌టాప్ పెన్‌డ్రైవ్‌తో వెళ్తే ఎండీఏడీఎం ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది, ఊళ్లో నెట్ లేని చోట అక్కడే ఆగిపోతారు.

సర్వర్ ఏ పద్ధతిలో లేచేదో పెన్‌డ్రైవ్‌ని కూడా ఆ పద్ధతిలోనే లేపాలి. /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందంటే మీరు యూఈఎఫ్ఐలో (బయాస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతిలో) ఉన్నారు, లేదంటే పాత బయాస్ పద్ధతి. ఇది సరిచూసుకోకుండా మొదలుపెట్టి అరపూట పోగొట్టుకోవడం మామూలుగా జరిగేదే.

డిస్కులు ఏవి ఏవో చూడండి:

ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,సీరియల్,ఎఫ్ఎస్‌టైప్
క్యాట్ /ప్రాక్/ఎండీస్టాట్

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు నమ్మకండి, పెన్‌డ్రైవ్ పెట్టగానే అవి మారిపోవచ్చు. సీరియల్ నంబరు కాగితం మీద రాసుకోండి. తర్వాత ఒక్కో పార్టిషన్ మీద:

ఎండీఏడీఎం --ఎగ్జామిన్ /డెవ్/ఎస్‌డీఏ1
ఎండీఏడీఎం --ఎగ్జామిన్ /డెవ్/ఎస్‌డీబీ1

ఇందులో ఈవెంట్స్ అన్న లెక్క, అప్‌డేట్ టైమ్ అన్న తేదీ పోల్చండి. రెండిట్లోనూ ఒకటే అయితే రెండూ జతగా ఉన్నట్టు. ఒకదాని తేదీ మూడు నెలల వెనక ఆగిపోయిందంటే ఆ డిస్కు మూడు నెలల క్రితమే అర్రేలోంచి జారిపోయింది, ఎవరూ గమనించలేదు. పాతదాని నుంచి మెషీన్ లేచి, వ్యాపారస్తుడు దాని మీద బిల్లులు కొట్టడం మొదలుపెడితే తర్వాత రెండు లెక్కల పుస్తకాలు తయారవుతాయి, వాటిని కలిపే మందు ఏ కమాండ్‌లోనూ లేదు. అనుమానం ఉంటే పాత డిస్కు కేబుల్ పీకి పక్కన పెట్టి ముందుకెళ్లండి.

అర్రేలు వాటంతట అవి రాకపోతే:

ఎండీఏడీఎం --అసెంబుల్ --స్కాన్

నాకు ఏ మాత్రం అనుమానమున్నా దీనికి --రీడ్‌ఓన్లీ కలిపి ఇస్తాను, మౌంట్ చేసి ఫైళ్లు కొత్తవేనా అని చూశాకే ఎండీఏడీఎం --రీడ్‌రైట్ ఇస్తాను. పేర్లు ఎండీ127, ఎండీ126 అని వస్తే కంగారు లేదు. కింది ఉదాహరణలో ఎండీ1 రూట్, ఎండీ0 బూట్ అనుకుందాం, మీ పేర్లు పెట్టుకోండి.

మౌంట్ /డెవ్/ఎండీ1 /ఎంఎన్‌టీ
మౌంట్ /డెవ్/ఎండీ0 /ఎంఎన్‌టీ/బూట్
మౌంట్ --ఆర్‌బైండ్ /డెవ్ /ఎంఎన్‌టీ/డెవ్
మౌంట్ --ఆర్‌బైండ్ /ప్రాక్ /ఎంఎన్‌టీ/ప్రాక్
మౌంట్ --ఆర్‌బైండ్ /సిస్ /ఎంఎన్‌టీ/సిస్
మౌంట్ --ఆర్‌బైండ్ /రన్ /ఎంఎన్‌టీ/రన్
సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ /బిన్/బ్యాష్

రెండో వరస మర్చిపోతే /బూట్ ఖాళీ ఫోల్డర్‌గా ఉంటుంది, గ్రబ్ ఆ ఖాళీ ఫోల్డర్లోకి ఇన్‌స్టాల్ అయి "తప్పేమీ లేదు" అని చెప్తుంది, రీస్టార్ట్ చేస్తే కథ మళ్లీ మొదటికి. సీహెచ్‌రూట్ లోపల (అంటే పెన్‌డ్రైవ్ నుంచి సర్వర్ సొంత సిస్టమ్‌లోకి అడుగుపెట్టాక) ఎల్ఎస్ /బూట్ కొట్టి కెర్నల్ ఫైళ్లు కళ్లారా చూశాకే ముందుకెళ్లండి. ఇప్పుడు బయాస్ మెషీన్లకి:

గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ
గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీబీ
అప్‌డేట్-గ్రబ్

డిస్కు పేరే ఇవ్వాలి, పార్టిషన్ పేరు కాదు, ఎండీ పేరు అసలే కాదు. "ఎంబెడింగ్ ఏరియా చిన్నది" అని తిడితే మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యే పాతకాలపు పార్టిషన్ అది, రెయిడ్ మాడ్యూళ్లతో పెరిగిన కోర్ ఇమేజ్ ఆ 31 కేబీలో పట్టడం లేదు. "బయాస్ బూట్ పార్టిషన్ లేదు" అంటే డిస్కు జీపీటీ, ఆ 1 ఎంబీ పార్టిషన్ ఎవరూ చెయ్యలేదు. జీడిస్క్‌లో దాని రకం ఈఎఫ్02. రెండు చోట్లా --ఫోర్స్ కొట్టి తోసుకుపోకండి, ఈరోజు లేచినా మరోరోజు పడుకుంటుంది.

డెబియన్, ఉబుంటులో వదలకూడని ఇంకో మెట్టు:

డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ

వచ్చిన జాబితాలో స్పేస్ బార్ నొక్కి రెండు డిస్కులూ టిక్ పెట్టండి. పైన చెప్పిన పాత జాబితా ఇక్కడే మారుతుంది. పలాస మెషీన్‌లో టిక్ ఉన్నది రెండేళ్ల కిందట తీసి పారేసిన డిస్కు పేరు మీద.

సెంట్‌ఓఎస్, రాకీ, అల్మా వాడేవాళ్లకి గ్రబ్2-ఇన్‌స్టాల్, గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ అని పేర్లు మారతాయి. అవి యూఈఎఫ్ఐలో ఉంటే మాత్రం గ్రబ్2-ఇన్‌స్టాల్ వాడకుండా గ్రబ్, షిమ్ ప్యాకేజీలు మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యాలి.

యూఈఎఫ్ఐ మెషీన్లలో తేడా

ఇక్కడ మొదటి సెక్టార్ కథ లేదు. ఈఎస్‌పీ అనే ఫ్యాట్ పార్టిషన్‌లోని ఫైల్‌ని ఫర్మ్‌వేర్ (బోర్డులోని యూఈఎఫ్ఐ ప్రోగ్రాం) చదువుతుంది, దానికి లైనక్స్ రెయిడ్ తెలీదు. కొందరు ఈఎస్‌పీని కూడా మెటాడేటా 1.0తో రెయిడ్ 1 చేస్తారు, సూపర్‌బ్లాక్ చివర ఉంటుంది కాబట్టి ఫర్మ్‌వేర్‌కి మామూలు ఫ్యాట్‌లాగే కనిపిస్తుంది, పనిచేస్తుంది కూడా. నాకు మాత్రం ఇష్టం లేదు, ఎందుకంటే ఫర్మ్‌వేర్ ఎప్పుడైనా ఆ పార్టిషన్ మీద రాస్తే ఒకవైపే రాస్తుంది, రెండు వైపులూ వేరైపోయిన సంగతి ఎండీకి తెలీదు. రెండు డిస్కుల మీదా విడివిడిగా ఈఎస్‌పీ పెట్టుకోవడం మేలు. ఉబుంటు 20.04 నుంచి డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-ఈఎఫ్ఐ-ఏఎండీ64 కొడితే రెండు ఈఎస్‌పీలూ ఎంచుకోవచ్చు, అప్‌డేట్లు రెండిటికీ వెళ్తాయి. డెబియన్‌లో రెండోదాన్ని /బూట్/ఈఎఫ్ఐ2 అని మౌంట్ చేసి మొదటిదాని ఫైళ్లు కాపీ చేసి, ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో ఫర్మ్‌వేర్ బూట్ జాబితాలో దానికీ ఒక ఎంట్రీ రాయాలి.

కొన్ని బోర్డులు డిస్కు ఒకసారి కనపడకపోతే దాని బూట్ ఎంట్రీ చెరిపేస్తాయి, డిస్కు తిరిగొచ్చినా ఎంట్రీ రాదు. అందుకని గ్రబ్-ఇన్‌స్టాల్‌కి --ఫోర్స్-ఎక్స్‌ట్రా-రిమూవబుల్ కలిపి ఇవ్వండి. అప్పుడు ఈఎఫ్ఐ/బూట్/బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అన్న చోట కూడా కాపీ పడుతుంది, ఎంట్రీ లేకపోయినా ఫర్మ్‌వేర్ అక్కడ వెతుకుతుంది.

ఇంకో ఉచ్చు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏవేవి మౌంట్ చెయ్యాలో చెప్పే ఫైల్లో) ఉంది. చచ్చిపోయిన డిస్కు మీది ఈఎస్‌పీయో, రెయిడ్ చెయ్యని స్వాపో (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) అందులో ఉంటే, సిస్టమ్ 90 సెకన్లు దాని కోసం ఎదురుచూస్తుంది. ఈఎస్‌పీ అయితే ఆ తర్వాత ఎమర్జెన్సీ మోడ్‌లో పడిపోతుంది. బూట్ లోడర్ తప్పనుకుని గ్రబ్ పదిసార్లు ఇన్‌స్టాల్ చేసినా మారదు. ఈఎస్‌పీ వరసలో నోఫెయిల్ అని పెట్టండి, స్వాప్‌ని కూడా రెయిడ్ 1 మీదికి తెండి.

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర

క్యాట్ /ప్రాక్/ఎండీస్టాట్ కొట్టండి. అర్రే ఇనాక్టివ్ అని ఉంటే ముందు దాన్ని ఆపి మళ్లీ కూర్చాలి. కమాండ్లో అర్రే పేరు అక్కడ కనిపించిందే పెట్టండి:

ఎండీఏడీఎం --స్టాప్ /డెవ్/ఎండీ127
ఎండీఏడీఎం --అసెంబుల్ --స్కాన్ --రన్
ఎగ్జిట్

అసలేమీ లేకపోతే మోడ్‌ప్రోబ్ రెయిడ్1 కొట్టి, ఆపైన రెండో వరస. --రన్ అంటే ఒక డిస్కు లేకపోయినా నడిపించమని. లేచాక కారణం చూడండి. ఎండీఏడీఎం --డీటెయిల్ --స్కాన్ ఇచ్చే వరసల్నీ /ఈటీసీ/ఎండీఏడీఎం/ఎండీఏడీఎం.కాన్ఫ్‌లో ఉన్న వరసల్నీ పక్కపక్కన పెట్టి యూయూఐడీలు పోల్చండి. పాతవి తీసి కొత్తవి పెట్టండి, కింద మళ్లీ అతికించుకుంటూ పోతే ఒకే అర్రేకి రెండు వరసలై అదో తలనొప్పి. తర్వాత

అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్

ఇది కొట్టకపోతే మార్పు డిస్కు మీది ఫైల్లో ఉంటుంది, బూట్ అయ్యేటప్పుడు చదివే కాపీలో ఉండదు. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఫైలు /ఈటీసీ/ఎండీఏడీఎం.కాన్ఫ్, కమాండ్ డ్రాకట్ -ఎఫ్ --రీజనరేట్-ఆల్. అక్కడ కెర్నల్ వరసలో ఆర్‌డీ.ఎండీ.యూయూఐడీ అని పాత గుర్తింపు ఉండిపోయిందేమో కూడా చూడండి.

డిస్కు మార్చేటప్పుడే ఈ పని అయిపోవాలి

పాడైన డిస్కుని అర్రేలోంచి --ఫెయిల్, --రిమూవ్ చేసి తీశాక, కొత్తది పెట్టాక, పార్టిషన్లు కాపీ చెయ్యడానికి జీపీటీ అయితే:

ఎస్‌జీడిస్క్ /డెవ్/ఎస్‌డీఏ -ఆర్ /డెవ్/ఎస్‌డీబీ
ఎస్‌జీడిస్క్ -జీ /డెవ్/ఎస్‌డీబీ

ఇక్కడ ఆర్, జీ రెండూ పెద్ద అక్షరాలు. మొదటి వరసలో ముందున్నది మంచి డిస్కు, -ఆర్ తర్వాత ఉన్నది కొత్తది. తిరగేస్తే ఖాళీ డిస్కు పట్టిక మంచిదాని మీదికి ఎక్కుతుంది. ఎంటర్ నొక్కే ముందు సీరియల్ నంబరు రాసుకున్న కాగితం మళ్లీ చూడండి, పక్కన ఎవరైనా ఉంటే వాళ్ల చేత కూడా చదివించండి.

తర్వాత ఎండీఏడీఎం /డెవ్/ఎండీ0 --యాడ్ /డెవ్/ఎస్‌డీబీ1 అంటూ ఒక్కో అర్రేకి కలపండి. పార్టిషన్ నంబర్లు మీవి. వెంటనే, సింక్ అయ్యేదాకా ఆగకుండానే, కొత్త డిస్కు మీద గ్రబ్ ఇన్‌స్టాల్, డీపీకేజీ-రీకాన్ఫిగర్. సింక్ మొదలవ్వగానే అందరం టీకి వెళ్లిపోతాం, తిరిగొచ్చేసరికి ఎండీస్టాట్‌లో రెండు యూలు (రెండు డిస్కులూ జతలో ఉన్నాయన్న గుర్తు) కనిపిస్తాయి, పని అయిపోయిందనుకుంటాం. ఈ వ్యాసంలో చెప్పిన కష్టాల్లో ఎక్కువ భాగం ఆ టీ దగ్గర మొదలయ్యాయి. 4 టీబీ డిస్కుకి సెకనుకు 150 ఎంబీ లెక్కన 7 గంటలు దాటుతుంది, అంతసేపూ యూపీఎస్ బ్యాటరీ నిలబడుతుందో లేదో ముందే చూసుకోండి.

మెషీన్ ఆపకుండానే గ్రబ్ ఉందో లేదో చూసే ఉపాయం ఒకటుంది, బయాస్ పద్ధతికి:

డీడీ ఐఎఫ్=/డెవ్/ఎస్‌డీబీ బీఎస్=512 కౌంట్=1 | స్ట్రింగ్స్

జవాబులో గ్రబ్ అన్న మాట కనిపించాలి. ఐఎఫ్ అనే కొట్టాలి, ఓఎఫ్ కాదు, ఓఎఫ్ అంటే రాయడం. గ్రబ్ కనిపించినంత మాత్రాన అది కొత్తదని కాదు, కానీ కనిపించలేదంటే ఆ డిస్కు నుంచి మెషీన్ లేవదు, అది ఖాయం.

నిజంగా లేస్తుందా అని చూడడం

పూర్తి నమ్మకం కావాలంటే ఒక ఆదివారం, బ్యాకప్ తీసుకుని, ఒక్కో డిస్కు కేబుల్ పీకి లేపి చూడాలి. మొదటి డిస్కు పీకండి, మెషీన్ రెండోదానితో లేవనివ్వండి, షట్‌డౌన్ చెయ్యండి. కేబుల్ తిరిగి పెట్టి, రెండూ ఉండగా లేపి, జారిన డిస్కుని అర్రేలోకి --రీ-యాడ్ చెయ్యండి, అది కుదరదంటే --యాడ్. ఎండీస్టాట్‌లో రెండు యూలు వచ్చేదాకా ఆగండి. అప్పుడే రెండో డిస్కు పీకాలి. మధ్యలో సింక్ లేకుండా వెంటవెంటనే రెండూ పీకి పరీక్షిస్తే రెండూ విడివిడిగా లేచి, దేని దారిన అది రాసుకుని, రెండు పుస్తకాల కథ మనమే తెచ్చుకున్నట్టవుతుంది. బిట్‌మ్యాప్ (ఏయే భాగాలు మారాయో గుర్తుపెట్టుకునే పట్టిక) ఉంటే ఈ సింక్ నిమిషాల్లో అయిపోతుంది, లేకపోతే ముందే పెట్టుకోండి:

ఎండీఏడీఎం --గ్రో --బిట్‌మ్యాప్=ఇంటర్నల్ /డెవ్/ఎండీ1

పలాస మెషీన్‌ని ఆ రోజు నేను రెండో డిస్కు బూట్ మెనూ నుంచి లేపించాను, ఫోన్లోనే. దాని మీద కోర్ ఇమేజ్ కొత్తదే, ఎలాగంటే మునుపెప్పుడో ఎవరో చేత్తో ఇన్‌స్టాల్ చేసి ఉన్నారు. మిగతా పని లేచాక నెట్ మీద చేసి, తర్వాతి ఆదివారం అక్కడికెళ్లి రెండు కేబుళ్లూ వంతులవారీగా పీకి చూశాం. పెద్దాయన ప్రతిసారీ లాగిన్ తెర వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. వచ్చేముందు క్యాబినెట్ తలుపు లోపల ఒక కాగితం అతికించాను: రెండు డిస్కుల సీరియల్ నంబర్లు, ఏది ఏ కేబుల్‌కి ఉందో, గ్రబ్ ఇన్‌స్టాల్ చేసిన తేదీ, బూట్ మెనూ కీ. కింద కొంచెం ఖాళీ వదిలాను, తర్వాత డిస్కు మార్చేవాళ్లు రాసుకోవడానికి.